ఒక ఇటుక బడి, చుట్టూ తారు కాగితం షెడ్లు

అమెరికా పార్లమెంటు భవనం క్యాపిటల్‌లో వర్జీనియా రాష్ట్రం తరఫున నూరేళ్లకు పైగా నిలబడిన విగ్రహాల్లో ఒకటి రాబర్ట్ లీది. అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని వదలని దక్షిణాది రాష్ట్రాల వైపు నిలిచిన సేనాని ఆయన. 2020 డిసెంబరులో ఆ విగ్రహాన్ని తీసేశారు. ఆ చోటికి ఎంపికైన పేరు బార్బరా జాన్స్. పదహారేళ్ల వయసులో బడి మొత్తాన్ని ఎగ్గొట్టించిన అమ్మాయి!

ఆ బడి ఫార్మ్‌విల్‌లో ఉంది. వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది), పొగాకు పండే పల్లెల మధ్య చిన్న టౌన్ అది. నల్లజాతి పిల్లల కోసం 1939లో కట్టిన రాబర్ట్ రస్సా మోటన్ హైస్కూలు ఒంటి అంతస్తు ఇటుక భవనం, 180 మందికి సరిపడేది. తెల్లవాళ్ల బడి వేరు, నల్లవాళ్ల బడి వేరు, కానీ రెండూ సమానం అన్నది అప్పటి చట్టం. ఇక్కడి సమానం ఎలాంటిదంటే జిమ్ లేదు, క్యాంటీన్ లేదు, సైన్స్ ల్యాబ్ లేదు. 1951 నాటికి పిల్లలు 450 దాటారు. ఆడిటోరియంలోనే పక్కపక్కన క్లాసులు నడిచేవి.

కొత్త భవనం కావాలని తల్లిదండ్రులు అడిగితే స్కూలు బోర్డు చెక్క ఫ్రేములకు తారు కాగితం కొట్టి షెడ్లు వేయించింది. ఒక్కో షెడ్డులో ఒక స్టవ్. దాని పక్కన కూర్చుంటే చెమటలు, దూరంగా కూర్చుంటే కోటు విప్పలేని చలి. వానొస్తే లోపలే గొడుగులు. దారిన పోయేవాళ్లు వాటిని కోళ్ల ఫారాలనుకునేవారు. రేకుల షెడ్డులో చదువుకున్న మనవాళ్లకు ఇది పెద్దగా వివరించక్కర్లేదు.

1951 ఏప్రిల్ 23న ప్రిన్సిపాల్‌కు ఫోనొచ్చింది, బస్టాండులో మీ పిల్లలు పోలీసులతో చిక్కుల్లో పడ్డారని. అది బూటకం. ఆయన అటు వెళ్లగానే, ఆయన పేరుతో రాసిన చీటీలు క్లాసులకు అందాయి: అందరూ ఆడిటోరియానికి రండి. తెర తీస్తే స్టేజి మీద బార్బరా! బూటు విప్పి బెంచీ మీద కొట్టి టీచర్లను బయటికి వెళ్లమంది. ఆమె మాటతో పిల్లలంతా సమ్మెకు దిగారు, ఆ రోజే బడి ఖాళీ అయింది.

పిల్లలు అడిగింది మంచి భవనం మాత్రమే. లాయర్లు ఆలివర్ హిల్, స్పాట్స్‌వుడ్ రాబిన్సన్ మాత్రం, వేర్వేరు బడులనే రద్దు చేయమని అడిగితేనే కేసు వేస్తామన్నారు. నెల రోజులకు 117 మంది విద్యార్థుల తరఫున కేసు పడింది. ఈలోగా బెదిరింపులకు భయపడి బార్బరాను అలబామాలో పాస్టర్‌గా ఉన్న తండ్రి సోదరుడు వర్నన్ జాన్స్ దగ్గరికి పంపేశారు. ఆ తర్వాత మార్టిన్ లూథర్ కింగ్ పాస్టర్ అయింది ఆయన చర్చికే.

తమాషా ఏమిటంటే, కేసు నడుస్తుండగానే 1953లో కొత్త హైస్కూలు తయారైంది. భవనం ఇస్తే గొడవ సద్దుమణుగుతుందన్న ఆశ కావచ్చు. సద్దుమణగలేదు. వేర్వేరు బడులు చెల్లవని 1954లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన బ్రౌన్ కేసులో కలిసిన అయిదు కేసుల్లో ఇదొకటి, విద్యార్థులే మొదలుపెట్టిన ఏకైక కేసు.

తీర్పు అమలు చేయాల్సి వచ్చేసరికి, 1959లో, కౌంటీ పాలకులు ప్రభుత్వ బడులన్నిటికీ తాళాలేశారు. తెల్లపిల్లలకు ప్రైవేటు అకాడమీ తెరుచుకుంది. నల్లపిల్లల్లో కొందరిని బంధువుల ఊళ్లకు పంపారు, చాలామందికి చదువే పోయింది. 1964లో సుప్రీంకోర్టు మళ్లీ కలగజేసుకున్నాకే బడులు తెరిచారు.

పాత ఇటుక భవనం ఎలిమెంటరీ బడిగా 1995 దాకా నడిచింది. మూతపడ్డాక దాన్ని నిలబెట్టాలని పట్టుబట్టింది స్థానిక నల్లజాతి మహిళల సంఘం. 1998లో జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తింపు వచ్చింది. సమ్మె జరిగి సరిగ్గా 50 ఏళ్లకు, 2001 ఏప్రిల్ 23న, మ్యూజియంగా తెరిచారు. బార్బరా అది చూడలేదు. ఫిలడెల్ఫియాలో లైబ్రేరియన్‌గా పనిచేసిన ఆమె 1991లోనే చనిపోయారు.