బొటనవేలితో బిగిస్తే ఎఫ్ కార్డ్ రాదు

మా గిటార్ క్లాసులో కొత్తగా చేరిన ప్రతి బ్యాచ్‌లో ఒకరైనా అడుగుతారు: "సార్, బొటనవేలు నెక్ వెనకాల సరిగ్గా మధ్యలోనే ఉండాలట కదా?" (నెక్ అంటే ఎడమచేత్తో పట్టుకునే పొడవాటి భాగం.) ఏదో వీడియోలో చూసి, వేలు కాస్త పైకి జరిగితే చాలు, తప్పు చేశామని టెన్షన్ పడిపోతుంటారు. దాని సంగతి తర్వాత చెబుతాను. చాలామంది చేత గిటార్ మాన్పించేది వేరే అపోహ.

అపోహ: బొటనవేలితో ఎంత గట్టిగా నొక్కితే కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) అంత శుభ్రంగా పలుకుతుంది.

వాస్తవం: తీగ ఫ్రెట్‌కి (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీకి) తగిలితే చాలు, అంతకుమించి ఎంత నొక్కినా వృథాయే. మా క్లాసుకు వచ్చే ఒక బ్యాంకు ఉద్యోగిని బొటనవేలి మొదట్లో క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని వచ్చారు. "ఎఫ్ కార్డ్ నా వల్ల కాదేమో సార్" అన్నారు, కళ్లలో నీళ్లు ఒక్కటే తక్కువ. ఒకసారి పట్టుకోమని వెనక నుంచి చూశాను. నెక్‌ను పట్టకారులా బిగించేశారు, గోరు తెల్లగా పాలిపోయింది. ఫ్రెట్‌బోర్డ్ కనిపించాలని గిటార్‌ను ఒళ్లో వెల్లకిలా వాల్చడంతో మణికట్టు పూర్తిగా మడతపడింది. పైగా ఆ గిటార్ నట్ (నెక్ చివర తీగలు ఆనే పట్టీ) దగ్గర తీగలు మరీ ఎత్తుగా ఉన్నాయి. అలాంటి గిటార్ మీద ఎఫ్ కోసం మొదటి ఫ్రెట్‌లో బార్ పట్టడం, అంటే చూపుడువేలితో తీగలన్నీ ఒకేసారి నొక్కడం, నాకూ కష్టమే. సెటప్ చేయించి తీగల ఎత్తు తగ్గించాక సగం బాధ పోయింది.

మిగతా సగానికి ఒక పరీక్ష ఉంది. గిటార్ నిటారుగా పెట్టుకుని, కుడి ముంజేతితో బాడీని ఒంటికి ఆనించండి. ఎడమ బొటనవేలు పూర్తిగా తీసేసి, మోచేతిని కాస్త వెనక్కి లాగుతూ కార్డ్ పట్టండి. పలుకుతుంది! బలం చేతి బరువులోంచి వస్తుంది. ఇప్పుడు బొటనవేలిని ఊరికే ఆనించండి. చూపుడువేలిని కొంచెం పక్కకు తిప్పి, ఎముక తగిలే అంచుతో, ఫ్రెట్ కడ్డీని ఆనుకుని పెట్టండి. ముందు ఇదే షేప్ ఐదో ఫ్రెట్‌లో పట్టి చూడండి, అది ఏ (A) మేజర్ కార్డ్ అవుతుంది. నట్‌కి దూరం కాబట్టి అక్కడ తీగ తేలిగ్గా దిగుతుంది. చెయ్యి అలవాటు పడ్డాక ఒక్కో ఫ్రెట్ చొప్పున నట్ వైపు రండి.

ఇక "మధ్యలోనే" అన్న మాట. క్లాసికల్ గిటార్‌కి అది చాలావరకు సరైనదే. దాని నెక్ నట్ దగ్గర దాదాపు 52 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, బొటనవేలు వెనకాల, సుమారుగా మధ్యవేలికి ఎదురుగా ఉండాలి. స్టీల్ తీగల గిటార్లు చాలావరకు 43 దగ్గరే ఉంటాయి. వాటి మీద ఓపెన్ డి కార్డ్ (కొన్ని తీగలు నొక్కకుండా వదిలేసేది) పట్టేటప్పుడు వేలు పైకి తొంగిచూస్తే తప్పేం లేదు. తీగ బెండ్ చేయాలంటే (పక్కకు లాగి స్వరం పెంచాలంటే) బొటనవేలు పైకి రావడమే మేలు, మణికట్టు తిరగడానికి అదే ఆధారం. అమెరికన్ రాక్ గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్ ఆరో తీగను తరచూ బొటనవేలితోనే నొక్కేవాడు. బార్ పట్టేటప్పుడు, చిటికెనవేలు దూరం చాపేటప్పుడు మాత్రం కిందికి దించాలి. ఒకే పాటలో వేలు నాలుగైదు చోట్లకు జరుగుతుంది, జరగనివ్వండి.

చేతులు చిన్నవి కాబట్టి రాదన్నది వట్టి పుకారు. పిల్లలు మూడొంతుల సైజు గిటార్ మీద హాయిగా వాయిస్తారు.

నొప్పి భరిస్తేనే విద్య వస్తుందని చెప్పేవాళ్ల మీద నాకు నిజంగా కోపం. వేళ్ల కొసలు మండటం మామూలే, కొన్ని వారాల్లో చర్మం గట్టిపడుతుంది. బొటనవేలి మొదట్లోనో మణికట్టులోనో నొప్పి వచ్చినా, వేళ్లు తిమ్మిరెక్కినా ఆ రోజుకి గిటార్ పక్కన పెట్టేయండి. తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి.