రఫేల్-ఎం లెక్క 2004లోనే తేలింది

మన నేవీ విమానవాహక ఓడల కోసం ఫ్రాన్స్ నుంచి కొంటున్న యుద్ధ విమానం రఫేల్-ఎం గొడవ మళ్లీ మొదలైంది. 26 విమానాలు, దాదాపు 63,000 కోట్ల రూపాయలు. 2025 ఏప్రిల్ 28న ఒప్పందం మీద సంతకాలు పడ్డాక సద్దుమణిగిందనుకున్న ప్రశ్నే మళ్లీ తిరుగుతోంది. మన సొంత తేజస్ విమానం విక్రమాదిత్య ఓడ మీద దిగింది, కొత్త విక్రాంత్ మీదా దిగింది, వీడియోలు అందరూ చూశారు, ఇంకా ఫ్రాన్స్ గుమ్మం ఎందుకు తొక్కాలి అని.

అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే విమానం దగ్గర మొదలుపెడితే జవాబు దొరకదు. ఓడ దగ్గర మొదలుపెట్టాలి.

పాత విక్రాంత్, 1971 యుద్ధం, కాక్స్ బజార్ మీద సీ హాక్‌ల దాడి అందరికీ తెలిసిన కథే, వదిలేద్దాం. అందులో ఒక్క ముక్క మాత్రం ఇక్కడ కావాలి. ఆ ఓడ మీద స్టీమ్ కేటపల్ట్ ఉండేది. వడిసెలలో రాయి పెట్టి విసిరినట్టు, ఆవిరి బలంతో విమానాన్ని డెక్ మీంచి విసిరేసేది. 1980ల్లో సీ హారియర్లు వచ్చాక దాన్ని తీసేసి, డెక్ ముందు భాగాన్ని పైకి వంచి స్కీ-జంప్ కట్టారు. అంటే మన నేవీకి కేటపల్ట్ కొత్త సంగతేం కాదు. చేతిలో ఉన్నదాన్నే వదులుకుంది.

అప్పటికి అది తప్పు కూడా కాదు. విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియంగా మార్చిన సీ హారియర్‌ను చూసే ఉంటారు. ఈసారి వెళితే ఫొటో దిగి వచ్చేయకుండా కాస్త వంగి దాని పొట్ట కింద చూడండి. పెద్ద చక్రాలు పొట్ట కిందే ఒకదాని వెనుక ఒకటి, సైకిల్‌కి ఉన్నట్టు ఉంటాయి. పడిపోకుండా రెక్కల చివర రెండు సన్నని కాళ్లు. పక్కల ఇంజన్ గాలిని కిందికి తిప్పే నాలుగు నాజిల్స్. ఓడ మీద దిగేటప్పుడు డెక్ మీది తీగను పట్టుకుని ఆపే కొక్కెం మాత్రం తోక కింద కనబడదు. దానికి ఆ అవసరమే లేదు, ఓడ మీదికి వచ్చి గాల్లో ఆగి నిలువుగా దిగేది. అలాంటి విమానానికి స్కీ-జంప్ చాలు.

ఇక అసలు మలుపు. 2004 జనవరిలో రష్యాతో అడ్మిరల్ గోర్ష్‌కోవ్ ఓడ ఒప్పందం కుదిరింది. మన విక్రమాదిత్య అదే. ఓడ ఉచితం, మరమ్మతులకూ విమానాలకూ డబ్బు కట్టాలి అన్నారు. ఆ ఉచితం ఎంతకు తేలిందో తర్వాత చూశాం. 97 కోట్ల డాలర్లనుకున్న మరమ్మతు ఖర్చు 235 కోట్ల డాలర్లకు చేరింది, ఓడ 2013 నవంబర్‌లో గానీ చేతికి రాలేదు. పత్రికలు ఆ రేటు గురించే రాశాయి. నా దృష్టిలో రేటు కన్నా పెద్ద విషయం ఆ ఒప్పందంతో పాటే వచ్చిన 16 మిగ్-29కె విమానాలు. 2010లో ఇంకో 29కి ఆర్డర్ ఇచ్చాం. కొచ్చిలో కడుతున్న విక్రాంత్ డిజైన్ కూడా ఆ విమానం చుట్టూనే అల్లుకుంది. అదే స్కీ-జంప్, కొక్కేన్ని పట్టి విమానాన్ని ఆపే అవే అరెస్టర్ వైర్లు, విమానాలను డెక్ మీదికీ కిందికీ చేర్చడానికి రెక్కలు మడిచిన మిగ్‌ను దృష్టిలో పెట్టుకుని చేసిన లిఫ్టులు. ఓడ ఒకసారి కట్టాక నలభై, యాభై ఏళ్లు ఉంటుంది. ఆ తర్వాత ఎవరు ఏ విమానం తెచ్చినా ఆ డెక్‌కు సర్దుకోవాల్సిందే.

సర్దుకోవడమంటే ఏమిటో చూడాలి. స్కీ-జంప్ మీద విమానం తన సొంత ఇంజన్ బలంతోనే ఎగరాలి. వెనుక నుంచి తోసేవాళ్లు లేరు. బాంబులు ఎక్కువ పెడితే ఇంధనం తగ్గించుకోవాలి, ఇంధనం నింపితే బాంబులు తగ్గించుకోవాలి. దిగేటప్పుడు ఇంకో బాధ. ఎయిర్‌ఫోర్స్ పైలట్ రన్‌వే దగ్గరికి వచ్చాక ముక్కు ఎత్తి మెత్తగా ఆనిస్తాడు. నేవీ పైలట్‌కు ఆ సుఖం లేదు. గంటకు 240 కిలోమీటర్ల వేగంతో వచ్చి, సెకనుకు ఆరేడు మీటర్ల చొప్పున కిందికి పడుతూ, డెక్‌ను గుద్దినట్టే దిగుతాడు. కొక్కెం తీగకు తగిలితే రెండు మూడు సెకన్లలో ఆగిపోతాడు. తగలకపోతే మళ్లీ ఎగిరిపోవాలి, అందుకే దిగే క్షణంలో కూడా ఇంజన్ ఫుల్ పవర్‌లో ఉంటుంది. ఈ దెబ్బ రోజూ తినాలంటే కాళ్లు, నడుము గట్టిగా ఉండాలి. గట్టితనం అంటే బరువు.

మిగ్‌కు ఆ దెబ్బ ఎలా తగిలిందో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2016 జూలైలో రాసింది. వచ్చిన 65 ఇంజన్లలో 40 లోపాలతో పక్కన పెట్టాల్సి వచ్చింది. ఏ రోజు చూసినా ఎగరడానికి సిద్ధంగా ఉన్న ఒంటి సీటు మిగ్‌లు 16 నుంచి 38 శాతం మధ్యే. డెక్ మీద దిగాక విడిభాగాలు విరిగేవి, పగిలేవి. నేవీ తొందరపడింది అనేవాళ్లు ఈ అంకెలు ఒకసారి చూడాలి. విక్రమాదిత్య చేతిలో ఉండి, విక్రాంత్ కట్టుబడిలో ఉండి, వాటి మీంచి నమ్మకంగా ఎగిరే విమానం లేని పరిస్థితి అది.

ఆ కాగ్ నివేదిక వచ్చిన ఐదు నెలలకే, 2016 డిసెంబర్‌లో, అప్పటి నేవీ చీఫ్ అడ్మిరల్ సునీల్ లాంబా నేవల్ తేజస్ తమకు సరిపోదని బాహాటంగా చెప్పారు. బరువెక్కువ, సరిపడా ఇంధనం, ఆయుధాలతో ఓడ మీంచి లేవలేదు అన్నది ఆయన మాట. దేశీయ విమానాన్ని చంపేశారని అప్పట్లో తిట్టిపోశారు. కానీ తేజస్ చిన్న విమానం. మొత్తం బరువు పదమూడున్నర టన్నులు, ఒకే ఇంజన్. రఫేల్‌ను ఓడకు తగ్గట్టు గట్టిపరిచినందుకు దాదాపు 500 కిలోలు పెరిగింది. అది ఇరవై నాలుగున్నర టన్నుల విమానం, అరటన్ను దానికో లెక్క కాదు. అదే అరటన్ను తేజస్ మీద పడితే నేరుగా బాంబుల్లోంచో ఇంధనంలోంచో కోత పడుతుంది.

తేజస్‌ను రూపొందించిన ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ వాదన వేరు. ఇప్పుడు దిగింది ప్రయోగం కోసం చేసిన విమానమే, పెద్ద ఇంజన్‌తో వచ్చే మార్క్-2ను నేవీ చూడనే లేదు అని. అందులోనూ నిజముంది. 2020 జనవరి 11న విక్రమాదిత్య మీద, 2023 ఫిబ్రవరి 6న విక్రాంత్ మీద దిగడం చిన్న విద్య కాదు. అది తెలిసిన దేశాలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కానీ దిగడం వేరు, యుద్ధానికి సరిపడా బరువుతో లేవడం వేరు.

మరి రఫేల్-ఎం ఈ డెక్ కోసం పుట్టిందా అంటే, అదీ లేదు. అది ఫ్రాన్స్ విమానవాహక ఓడ చార్ల్స్ ద గాల్ మీది 75 మీటర్ల కేటపల్ట్ కోసం పుట్టింది. అందుకే 2022 జనవరిలో గోవాలోని నేవీ విమాన స్థావరం ఐఎన్ఎస్ హన్సాకు తెచ్చి, నేల మీద కట్టిన స్కీ-జంప్ మీంచి ఎగరేసి చూపించాల్సి వచ్చింది. దాని రెక్కలు మడవవు, ఈ చివర నుంచి ఆ చివరకు దాదాపు 11 మీటర్లు. విక్రాంత్ లిఫ్టులో ఎలా పడుతుందన్న ప్రశ్న ఈ కొనుగోలుకు జరిగిన పోటీలో చాలాకాలం నలిగింది. పోటీకి వచ్చిన అమెరికా సూపర్ హార్నెట్‌కు మడిచే రెక్కలున్నాయి, అయినా ఓడింది. ఇంకొకటి, 26లో రెండు సీట్లవి 4. ఓడ మీద దిగే రెండు సీట్ల రఫేల్ ఎక్కడా లేదు కాబట్టి అవి నేల మీద శిక్షణకే. రఫేల్‌లో మొదటిసారి ఓడ మీద దిగే పైలట్ వెనుక సీట్లో గురువు ఉండడు.

రఫేల్ బాడీ (ఫ్యూజలేజ్) భాగాలను హైదరాబాద్‌లో టాటాలు తయారు చేస్తారని 2025 జూన్‌లో ప్రకటించారు. మనవాళ్లకు ఉద్యోగాలు, సంతోషం. ఈ తగాదాను మాత్రం అది తీర్చదు.

రెండు ఇంజన్లు, మడిచే రెక్కలతో టెడ్‌బీఎఫ్ అనే సొంత విమానం బెంగళూరులో కాగితం మీద ఉంది. దాన్నీ స్కీ-జంప్ కోసమే గీస్తున్నారు. మూడో ఓడకు 65,000 టన్నులు, విద్యుత్ కేటపల్ట్ కావాలని ఒకప్పుడు పట్టుబట్టిన నేవీ, ఖర్చు చూసి మెత్తబడి, విక్రాంత్ లాంటిదే ఇంకొకటి చాలంటోంది. 2004లో వంచిన డెక్ ఇంకో యాభై ఏళ్లు అలాగే ఉండబోతోంది.