హామ్లెట్ రాతి అచ్చులు: పదమూడా, పదహారా?

షేక్‌స్పియర్ నాటకం ‘హామ్లెట్’కు ఫ్రెంచ్ చిత్రకారుడు యూజీన్ డెలాక్రువా గీసిన లితోగ్రాఫుల (రాతి అచ్చు బొమ్మల) సెట్టులో ఒకచోట 13 బొమ్మలుంటాయి, మరోచోట 16. రెండు లెక్కలూ సరైనవే.

ఫ్రాన్సు ప్రేక్షకులకు చాలాకాలం తెలిసిన హామ్లెట్, 1769లో ఫ్రెంచ్ నాటకకర్త డ్యూసీ తమ నాటక మర్యాదలకు తగ్గట్టు తిరగరాసినది. అందులో హామ్లెట్ తండ్రి దెయ్యం స్టేజీ మీదికి రాదు, చివర్లో హామ్లెట్ చనిపోడు. 1822లో ఇంగ్లిష్ నటులు పారిస్ వచ్చి షేక్‌స్పియర్‌ను ఆడబోతే జనం గోల చేశారు. ఐదేళ్లకు గాలి మారింది. 1827 సెప్టెంబరులో ఒడియన్ థియేటర్‌లో చార్లెస్ కెంబుల్ హామ్లెట్‌గా, హ్యారియట్ స్మిత్‌సన్ హామ్లెట్ ప్రియురాలు ఒఫీలియాగా ఆడితే కుర్ర కళాకారులు కదిలిపోయారు. చాలామందికి ఇంగ్లిష్ రాదు. అయినా ఆ ముఖాలు, ఆ చేతులు, పిచ్చెక్కిన ఒఫీలియా తీరు కళ్లలో నిలిచిపోయాయి. ఈ బొమ్మలకు విత్తనం అక్కడే పడిందని నా నమ్మకం.

అప్పటికి డెలాక్రువా జర్మన్ కవి గోథే నాటకం ‘ఫౌస్ట్’కు లితోగ్రాఫులు గీస్తున్నాడు. 1828లో అవి వెలువడ్డాయి. హామ్లెట్‌ను 1834లో మొదలుపెట్టాడు. లితోగ్రఫీలో జిడ్డు క్రేయాన్‌తో సున్నపురాయి మీద నేరుగా గీస్తారు. రాయిని తడిపితే నీరు సిరాను ఆపుతుంది, జిడ్డు గీత పట్టుకుంటుంది. మన ఇళ్లలో దేవుడి పటాలైన రవివర్మ ప్రింట్లకూ ఆధారం ఈ పద్ధతే. చెక్కేవాడు మధ్యలో లేడు కాబట్టి చిత్రకారుడి చేతి వణుకు కూడా కాగితం మీదికి వస్తుంది.

ఒఫీలియా మరణం చూడండి. నాటకంలో అది తెర వెనుకే జరిగిపోతుంది, రాణి వచ్చి చెబుతుంది, అంతే. డెలాక్రువా మాత్రం దాన్ని కళ్లెదుట పెట్టాడు: సగం నీళ్లలో మునిగి, కొమ్మ పట్టుకుని వేలాడే అమ్మాయి.

1843లో సొంత డబ్బుతో 80 సెట్లు అచ్చేయించాడు. ఒక్కోదానిలో 13 బొమ్మలే. ఆదరణ అంతంతమాత్రం. 1863లో ఆయన పోయాక ఆ రాళ్లు రచయిత పాల్ మ్యూరిస్ చేతికొచ్చాయి. మరుసటి ఏడాది ఆయన మిగిలిన మూడింటినీ కలిపి 16 వేయించాడు. ఆ మూడింటిలో ఒకటి మతిపోయి పాడే ఒఫీలియా. 1827లో పారిస్‌ను ఏడిపించిన సన్నివేశమే అది. 1834లోనే గీసిన ఆ బొమ్మ 30 ఏళ్లు రాయి మీదే ఉండిపోయింది.