లూథర్‌తో ఒక పూట భోంచేసి ప్రొటెస్టెంట్ అయిపోయాడా? వెర్జేరియోపై అపోహలు, వాస్తవాలు

చర్చి చరిత్ర పాఠాలు చెప్తాను. 16వ శతాబ్దంలో ప్రొటెస్టెంట్‌గా మారిన ఇటాలియన్ కాథలిక్ బిషప్ పియెర్ పావోలో వెర్జేరియో పేరు ఎత్తితే చాలు, క్లాసులో ఇవే మాటలు వస్తాయి.

అపోహ: బిషప్ కదా, చిన్నప్పటి నుంచి ఫాదర్లను తయారుచేసే సెమినరీలోనే పెరిగి ఉంటాడు.

వాస్తవం: సెమినరీలు పెట్టాలని ట్రెంట్‌లో జరిగిన కాథలిక్ బిషప్పుల మహాసభ తీర్మానించిందే 1563లో! ఈయన వెనిస్‌లో లాయరు, పెళ్లి కూడా అయింది. భార్య పోయాక రోమ్ కొలువులో చేరి, 1533లో పోప్ రాయబారిగా ఆస్ట్రియా పాలకుడు ఫెర్డినాండ్ దగ్గరికి వెళ్లాడు. సొంతూరు కపోడిస్ట్రియాకు (ఇప్పటి స్లొవేనియాలోని కోపర్) బిషప్ అయింది 1536లో. అంటే ముందు దౌత్యం, తర్వాత పీఠం.

అపోహ: రోమ్ చర్చిపై తిరగబడి ప్రొటెస్టెంట్ ఉద్యమానికి తెరలేపిన మార్టిన్ లూథర్‌ని కలిసిన రోజే మనసు మారింది.

వాస్తవం: అందరికీ ఇష్టమైన కథ ఇదే, కానీ కాదు. 1535లో పోప్ మూడో పాల్, తాను పిలవబోయే మహాసభకు జర్మన్ రాజుల్ని ఒప్పించమని ఈయన్ని పంపాడు. నవంబర్ 7, ఆదివారం, విట్టెన్‌బర్గ్. పొద్దున్నే లూథర్ మంగలిని పిలిపించి శుభ్రంగా గడ్డం గీయించుకున్నాడు, ఇంకో మూడు రోజుల్లో 52 నిండే మనిషి. కుర్రాడిలా కనిపిస్తే, ఈ వయసులోనే ఇంత చేశాడంటే ముందు ముందు ఇంకెంత చేస్తాడో అని రోమ్ వాళ్లు హడలిపోవాలట! మెడలో బంగారు గొలుసు కూడా వేసుకుని వెర్జేరియో దిగిన కోటకు వెళ్లాడు. వెర్జేరియో మాత్రం ఆ కళ్లు చూస్తే దయ్యం పట్టినట్టుందనీ, ఆ లాటిన్ వింటే ఈయన పేరుతో ఉన్న పుస్తకాలు ఈయనే రాశాడా అని అనుమానం వస్తోందనీ రోమ్‌కు రాశాడు. మనసు మారినవాడు రాసే ఉత్తరమేనా ఇది?

అపోహ: అయితే డబ్బుకో పదవికో ఆశపడి వెళ్లిపోయాడు.

వాస్తవం: ఉన్న పదవే పోయింది. 1544 నుంచి వెనిస్‌లో మతద్రోహం కేసు. నడిపించింది ఎవరనుకున్నారు, అక్కడి పోప్ రాయబారి జొవాన్ని డెల్లా కాసా, అంటే ఈయన పాత ఉద్యోగంలోనే ఉన్న ఇంకో మనిషి. 1546లో ట్రెంట్ వెళ్తే, పోప్ పిలిచిన ఆ మహాసభలో కూర్చోనివ్వలేదు. 1548లో పాడువాలో ఫ్రాంచెస్కో స్పియెరా అనే లాయరు, భయంతో తన ప్రొటెస్టెంట్ నమ్మకాన్ని వదులుకున్నందుకు కుమిలిపోతూ మంచం పట్టాడు. వెర్జేరియో ఆ మంచం పక్కన కూర్చుని అంతా చూశాడు, మనసు కదిలిన చోటు వెతకాలంటే నేనైతే అక్కడ వెతుకుతాను. మరుసటేడు ఇటలీ వదిలి, ఆల్ప్స్ దాటి ప్రొటెస్టెంట్ల వైపు వెళ్లిపోయాడు, పీఠం ఊడింది. అదే ఏడు డెల్లా కాసా నిషేధిత పుస్తకాల జాబితా వేస్తే, దాన్నే మళ్లీ అచ్చేయించి ఏకిపారేశాడు.

చివరికి జర్మనీలోని ట్యూబింగెన్‌లో వుర్టెంబర్గ్ ప్రభువు క్రిస్టోఫ్ కొలువులో చేరాడు. అక్కడా మళ్లీ రాయబారాలే, యజమాని మారాడంతే. స్లొవీన్ భాషలో పుస్తకాలు అచ్చేయమని స్లొవీన్ ప్రొటెస్టెంట్ బోధకుడు ప్రిమోజ్ ట్రూబర్‌ వెంటపడిందీ ఈయనే, 1555లో మత్తయి సువార్త అలా వచ్చింది. 1565లో ట్యూబింగెన్‌లోనే పోయాడు.