35 ఏళ్ల వయసులో మేజర్ లీగ్‌కు: జిమ్ మోరిస్ విషయంలో అపోహలు, వాస్తవాలు

టెక్సస్‌లో పిల్లలకు బేస్‌బాల్ పిచింగ్ (బ్యాటర్‌కు బంతి విసరడం) నేర్పే నన్ను మన తెలుగు తల్లిదండ్రులు తరచుగా అడిగేది జిమ్ మోరిస్ గురించే. సైన్సు మాస్టారు 35 ఏళ్ల వయసులో అమెరికా బేస్‌బాల్‌లో అత్యున్నత స్థాయి అయిన మేజర్ లీగ్ ఆడిన ఆ ఉదంతం 2002లో సినిమాగా రావడంతో, ఆయన ఆటగాడి జీవితంపై కొన్ని అపోహలు స్థిరపడిపోయాయి.

అపోహ: ఆయన ఎక్కడి నుంచో ఊడిపడ్డారు.

వాస్తవం: 1983 జనవరి డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ప్రక్రియలో) మేజర్ లీగ్ జట్టు మిల్వాకీ బ్రూవర్స్ ఆయనను మొదటి రౌండులోనే ఎంచుకుంది. చేతి గాయాలు, శస్త్రచికిత్సల మధ్య మేజర్ లీగ్‌కు దిగువన ఉండే మైనర్ లీగుల కింది అంచెల్లోనే కొన్నేళ్లు గడిచాక ఆయన ఆట మానుకుని, బిగ్ లేక్ అనే చిన్న ఊళ్లోని రేగన్ కౌంటీ హైస్కూలులో ఉపాధ్యాయుడిగా, బేస్‌బాల్ కోచ్‌గా పనిచేశారు. 1999లో తమ జట్టు డిస్ట్రిక్ట్ టైటిల్ గెలిస్తే తాను ట్రయౌట్‌కు (ఎంపిక పరీక్షకు) వెళ్తానని కుర్రాళ్లకు మాట ఇచ్చారు. వాళ్లు గెలిచారు, ఆయన వెళ్లారు, బంతి గంటకు 98 మైళ్ల (సుమారు 158 కిలోమీటర్ల) వేగం అందుకుంది. మేజర్ లీగ్ జట్టు టాంపా బే డెవిల్ రేస్ ఒప్పందం చేసుకున్నా వెంటనే పైకి తీసుకోలేదు. ముందు మైనర్ లీగుల్లోని ఓర్లాండో, డర్హమ్ జట్లలో ఆడించి, జట్టులో అదనపు ఆటగాళ్లకు చోటుండే సెప్టెంబరులో పిలిచింది. ఆ నెల 18న ఆర్లింగ్టన్‌లో ఎదుర్కొన్న తొలి బ్యాటర్ రాయిస్ క్లేటన్‌ను ఆయన స్ట్రైకవుట్ చేశారు (బంతిని సరిగా కొట్టనివ్వకుండానే ఔట్ చేశారు).

అపోహ: వేగం ఉంటే చాలు.

వాస్తవం: రెండు సీజన్లలో కలిపి ఆయన 21 మ్యాచ్‌లలో 15 ఇన్నింగ్స్ వేసి, 13 స్ట్రైకవుట్లు, 4.80 ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచ్చర్ ఖాతాలో పడే సగటు పరుగులు; తక్కువైతే మేలు) సాధించారు. 2000 మేలో యాంకీ స్టేడియంలో చివరిసారి మౌండ్ (పిచ్చర్ బంతి విసిరే దిబ్బ) ఎక్కినప్పుడు, బేసులన్నీ నిండి ఉండగా ప్రత్యర్థి బ్యాటర్ పాల్ ఓనీల్‌కు వాక్ (నాలుగు గురి తప్పిన బంతులకు ఉచితంగా దక్కే బేసు) ఇవ్వడంతో గెలుపు పరుగు వచ్చి మ్యాచ్ ముగిసిపోయింది. వేగం తలుపు తెరిపిస్తుంది, కానీ లోపల నిలబెట్టేది బంతిపై అదుపు. క్రికెట్ బౌలర్ మోచేతిని చాచడానికి 15 డిగ్రీల పరిమితి ఉంది, పిచ్చర్‌కు అలాంటిదేమీ లేదు కనుక బంతి విసిరే భారంలో పెద్ద భాగం మోచేతి లోపలివైపు లిగమెంటు మీద పడుతుంది. పదేళ్ల పిల్లవాడి చేతికి రాడార్ గన్ (బంతి వేగం కొలిచే పరికరం) గురిపెట్టే తండ్రులకు నేను మొదట చెప్పే మాట ఇదే.

అపోహ: గెలుపోటముల లెక్క 0-0 కనుక ఆయన చేసిందేమీ లేదు.

వాస్తవం: మోరిస్ ఎడమచేతి వాటం రిలీఫ్ పిచ్చర్, అంటే మ్యాచ్ మధ్యలో మరో పిచ్చర్ స్థానంలో దిగేవాడు. సగటున మ్యాచ్‌కు ఒక ఇన్నింగ్స్ కూడా వేయని ఆ పాత్రలో గెలుపోటములు పేరున పడటం తక్కువే.

అపోహ: ఒక్కసారి మేజర్ లీగ్ ఆడితే జీవితాంతం లోటుండదు.

వాస్తవం: ఆటగాళ్లకూ జట్ల యజమానులకూ మధ్య కుదిరిన 1980 ఒప్పందం తర్వాత పెన్షన్ అర్హతకు మేజర్ లీగ్‌లో 43 రోజుల సర్వీసు సరిపోతోంది. అంతకు ముందువాళ్లకు నాలుగేళ్లు కావాలి. 1973లో డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు ఎంపికై, 18 ఏళ్లకే హైస్కూలు నుంచి నేరుగా టెక్సస్ రేంజర్స్ మౌండ్ ఎక్కిన డేవిడ్ క్లైడ్‌కు 37 రోజులు తక్కువై పెన్షన్ దక్కలేదు.