ఈడూ జోడూ కుదరకూడని జంట

పెళ్ళి వీడియోలు తీసే మిత్రుడొకడు ఈమధ్య స్టూడియోలో ఫైళ్లు దాచే కంప్యూటర్‌కి రెండు ఎస్ఎస్‌డీలు, అంటే చిప్పుల్లో డేటా దాచే డిస్కులు, కొన్నాడు. ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే బిల్లు. "రెండూ అచ్చు గుద్దినట్టు ఒకటే. మిర్రర్ పెట్టేస్తే ఇక టెన్షన్ ఉండదు కదా" అన్నాడు. నాకు టెన్షన్ మొదలైందే అక్కడ.

మిర్రరింగ్ అంటే పెద్ద విద్యేం కాదు. రాసే ప్రతిదాన్నీ రెండు డిస్కుల మీదా రాస్తారు. ఒకటి పోయినా రెండోది పని ఆగనివ్వదు. 1988లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ నుంచి డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ రాసిన పేపర్‌తో, కొన్ని డిస్కుల్ని జతకట్టి వాడే పద్ధతులకి 'రెయిడ్' అన్న పేరు వాడుకలోకి వచ్చింది. అప్పటికే ఉన్న మిర్రరింగ్‌కి వాళ్లు ఆ పద్ధతుల్లో ఒకటో నంబర్ ఇచ్చారు. డిస్కుల్ని ఎంత నమ్మొచ్చో లెక్కకట్టేటప్పుడు వాళ్లు ఒక మాట అనుకున్నారు: ఒక డిస్క్ చావుకీ ఇంకోదాని చావుకీ సంబంధం లేదని. తిరిగే పళ్లేల హార్డ్ డిస్కుల్లో అది చాలావరకు చెల్లుతుంది. ఒకదాని మోటారు పట్టేస్తుంది, ఇంకోదాని హెడ్ గీసుకుంటుంది. దేని కర్మ దానిది.

ఎస్ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు. చిప్పులోని సెల్స్ అనే చిన్న చిన్న గదుల్లో విద్యుదావేశం బంధించి ఉంటుంది. చెరిపి రాసినప్పుడల్లా దాన్ని పట్టి ఉంచే సన్నని పొర కొంచెం అరుగుతుంది. మిర్రర్‌లో రెండిటికీ ఒకే రాత కాబట్టి అరుగుదలా ఒకటే. ఇది విని చాలామంది హడలిపోతారు కానీ, మామూలు వాడకంలో అంత భయం అక్కర్లేదు. శాంసంగ్ 870 ఈవో 1 టెరాబైట్ మోడల్‌కి కంపెనీ ఇచ్చే హామీ 600 టెరాబైట్ల రాత. రోజూ 100 గిగాబైట్లు రాసినా అది తీరడానికి 16 ఏళ్లు దాటుతుంది.

భయపడాల్సింది డిస్క్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్‌కి, అంటే ఫర్మ్‌వేర్‌కి. 2019 నవంబర్‌లో హ్యూలెట్ ప్యాకర్డ్ ఎంటర్‌ప్రైజ్ తాను అమ్మిన కొన్ని సర్వర్ ఎస్ఎస్‌డీల గురించి ఒక హెచ్చరిక ఇచ్చింది. ఫర్మ్‌వేర్ మార్చకపోతే సరిగ్గా 32,768 గంటలు నడిచాక అవి చచ్చిపోతాయి. అంటే 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలు. ఆ తర్వాత డ్రైవూ దక్కదు, డేటా అంతకన్నా దక్కదు. 15 రెళ్లను ఒకదానితో ఒకటి గుణిస్తే వచ్చే సంఖ్య అది. ప్లస్, మైనస్ గుర్తుతో కలిపి 16 బిట్లలో లెక్కపెట్టే మీటర్ 32,767 దాకా వెళ్లి, తర్వాత అడుగు వేయలేదు. చావుకి ముహూర్తం పెట్టి మరీ పంపినట్టు! 2020లో మరికొన్ని డ్రైవులకి ఇలాంటి హెచ్చరికే వచ్చింది, ఈసారి 40,000 గంటలకి. ఒకే రోజు స్విచ్ వేసిన జంట అయితే రెండిటికీ పోగాలం ఒకే ఘడియలో దాపురిస్తుంది. మిర్రర్ ఏ ఒక్క పని కోసం పుట్టిందో ఆ పనే చేయలేదు.

అందుకని మావాడితో ఒకటి వాపసు ఇప్పించి, వేరే కంపెనీది తెప్పించాను. కొట్టతను వింతగా చూశాడట. పెళ్ళిళ్లకి చూసినట్టు ఇక్కడ ఈడూ జోడూ చూడకూడదు. స్టిక్కర్ మీద పేరు వేరైతే చాలదు, లోపల డిస్క్‌ని నడిపే కంట్రోలర్ చిప్ కూడా వేరైతే మంచిది. నష్టం కొంత ఉంటుంది. ఒకటి 500, ఇంకోటి 480 గిగాబైట్లయితే దక్కేది 480. రాయడం నెమ్మదిగా ఉన్నదాని వేగంతోనే సాగుతుంది.

ఇక సాఫ్ట్‌వేర్. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో మిర్రర్‌కి మామూలుగా వాడే 'ఎండీ' తేలికైనదే. డిస్క్ తానే "చదవలేకపోతున్నా" అంటే రెండోదాన్నుంచి తెచ్చి ఇస్తుంది. కానీ తప్పుడు డేటాను ధీమాగా ఇచ్చిందనుకోండి, రెండు కాపీల్లో ఏది నిజమో అది తేల్చలేదు. డిస్క్ మీద ఫైళ్లను సర్దే జడ్ఎఫ్ఎస్, బీటీఆర్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లు ప్రతి బ్లాకుకీ చెక్‌సమ్ (డేటా మారిందో లేదో చెప్పే సరిచూపు సంఖ్య) విడిగా రాసుకుంటాయి కాబట్టి అబద్ధం ఎవరిదో పట్టేస్తాయి. పైగా కొత్త డిస్క్ పెట్టినప్పుడు జడ్ఎఫ్ఎస్ ఉన్న డేటానే కాపీ చేస్తుంది. ఎండీ మామూలుగా ఖాళీ జాగాతో సహా మొత్తం రాస్తుంది. నా ఓటు జడ్ఎఫ్ఎస్‌కే, అదే పెట్టాం. ఎవరైనా పొరపాటున ఒక పెళ్ళి ఫోల్డర్ చెరిపేస్తే మిర్రర్ దాన్ని రెండు చోట్లా శ్రద్ధగా చెరిపేస్తుంది గనక, బ్యాకప్‌కి ఇంకో హార్డ్ డిస్క్ వేరే ఇంట్లో పెట్టించాను.

అంతా అయ్యాక పరీక్ష. వీడియో ఆడుతుండగా కంప్యూటర్ ఆపకుండానే ఒక డిస్క్ తీగ పీకాం. వీడియో ఆగలేదు, మావాడు చప్పట్లు కొట్టాడు. తీగ తిరిగి పెట్టి, రెండూ సమం అయ్యేదాకా ఆగి, ఈసారి కంప్యూటర్ కట్టేసి రెండోదాన్ని పీకి స్టార్ట్ చేశాం. స్క్రీన్ మీద ఏమీ రాలేదు. డేటాకి రెండు కాపీలున్నాయి కానీ, మెషీన్‌ని లేపే చిన్న బూట్ భాగం ఆ పీకిన డిస్క్ మీద ఒక్కచోటే ఉంది. ఆ ఆదివారం మధ్యాహ్నమంతా దానికి జంటను కట్టబెట్టడంతోనే సరిపోయింది.