బల్ల మీది లేజర్, విశాఖ ఉప్పుగాలి

లేజర్ ఎన్‌గ్రేవర్ (కాంతితో చెక్కే, కోసే యంత్రం) కొనబోయేవాళ్లు మొదట అడిగేది ‘ఎన్ని వాట్లు?’ అనే. తరంగదైర్ఘ్యం ఎంత అని అడిగేవాళ్లు తక్కువ. యంత్రం ఏది కోస్తుంది, కంటికి ఏ అద్దాలు పెట్టుకోవాలి అన్నవి తేలేది మాత్రం దాంతోనే. డయోడ్ యంత్రం నుంచి వచ్చేది సుమారు 450 నానోమీటర్ల నీలికాంతి. పారదర్శక యాక్రిలిక్ షీటులోంచి అది కిటికీ అద్దంలోంచి ఎండ వచ్చినట్టు దూరిపోతుంది. షీటుకు గీత కూడా పడదు, కిందున్న బల్ల కాలుతుంది. నల్ల యాక్రిలిక్ అయితే కోస్తుంది. కార్బన్ డయాక్సైడ్ ట్యూబు యంత్రానిది 10.6 మైక్రోమీటర్ల పరారుణ కాంతి. దానికి రెండూ ఒకటే.

ఆ నీలికాంతి కంట్లోకీ అంతే తేలిగ్గా దూరుతుంది. కంటి కటకం దాన్ని రెటీనా మీద ఒక్క చుక్కగా చేరుస్తుంది. అక్కడ కాలిన చోట చూపు మళ్లీ రాదు. పరారుణ కాంతి కార్నియా దగ్గరే ఆగి దాన్నే కాలుస్తుంది. మూత లేకుండా నడిపితే రెండూ నాలుగో తరగతి లేజర్లే, అంటే దేని మీదో పడి చెదిరిన కాంతి కూడా ప్రమాదమే. కళ్లద్దాల మీద మీ యంత్రం తరంగదైర్ఘ్యమూ, దాని పక్కన కనీసం ఓడీ 5 అనీ అచ్చువేసి ఉండాలి. ఓడీ 5 అంటే లక్షలో ఒక వంతు కాంతే దాటుతుందని అర్థం. యంత్రంతో ఊరికే వచ్చే, ఏమీ రాసిలేని ఆకుపచ్చ అద్దాలు పక్కన పడేయండి. చలువ కళ్లద్దాల మాట చెప్పనే అక్కర్లేదు.

పొగకు 4 అంగుళాల గొట్టం, ఒక ఫ్యాను పెడితే సరిపోతుందనుకుంటారు. విశాఖలో మధ్యాహ్నం గాలి సముద్రం నుంచి ఊళ్లోకి వీస్తుంది. గొట్టం మూతి ఆ వైపు కిటికీలో పెడితే పొగంతా తిరిగి గదిలోకే. రెండో వైపు పెట్టండి. ఫ్యాను కిటికీ దగ్గరే ఉండాలి. యంత్రం పక్కన బిగిస్తే గొట్టం పొడవునా లోపలి ఒత్తిడి పెరిగి, ప్రతి అతుకులోంచీ పొగ బయటికి కక్కుతుంది.

పీవీసీ నుంచి మాత్రం ఏ ఫ్యానూ కాపాడలేదు. ఫ్లెక్సీ, వినైల్ స్టిక్కర్, చాలా రకాల రెక్సిన్ అదే. కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. గాలిలో తేమతో కలిసి అది హైడ్రోక్లోరిక్ ఆమ్లమవుతుంది. ఊపిరితిత్తులనూ, యంత్రం లోపలి పట్టాలనూ ఒక్కలాగే తింటుంది. అసలు తోలో, రెక్సినో తెలియకపోతే ఆరుబయట ఒక పరీక్ష ఉంది: రాగి తీగను పట్టకారుతో పట్టుకుని ఎర్రగా కాల్చి, ముక్కకు తాకించి, మళ్లీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా మారితే అందులో క్లోరిన్ ఉన్నట్టే. ఆ ముక్క యంత్రంలో పెట్టొద్దు.

ట్యూబు యంత్రం ఉన్నవాళ్లకు ఈ ఊళ్లో ఇంకో చిక్కు ఉంది. ట్యూబును చల్లబరిచే నీళ్లు 20 డిగ్రీల దగ్గర ఉంచమని ఎక్కడ చూసినా చెబుతారు, కాబట్టి బకెట్లో ఐసు వేస్తారు. గది 33 డిగ్రీలు, తేమ 75 శాతం ఉన్న రోజున 28 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ప్రతిదాని మీదా నీటిబొట్లు పడతాయి. ట్యూబు చివర వేల వోల్టుల కరెంటు ఉంటుంది. తడిసిందంటే నిప్పురవ్వలు ఎగురుతాయి. ముందు గదిని చల్లబరచాలి. ఏసీలో 26 డిగ్రీలు, 55 శాతం తేమకు తెస్తే ఆ హద్దు 16 డిగ్రీలకు దిగుతుంది, 20 డిగ్రీల నీళ్లతో ఇబ్బంది ఉండదు. నీళ్ల పంపు, యంత్రం ఒకే స్విచ్చు మీద ఉండాలి. పంపు ఆగి ట్యూబు వెలిగితే గాజు పగులుతుంది.

ప్లైవుడ్ కూడా తేమ పీల్చి వంగుతుంది. వంగితే ఫోకస్ తప్పి, ఒక మూల తెగుతుంది, ఇంకో మూల మాడుతుంది. అయస్కాంతాలతో చదునుగా అదిమిపెట్టండి. మెరైన్ ప్లై వద్దు. దాని ఫినాలిక్ జిగురు తెగకుండా బొగ్గవుతుంది.

వేగం, శక్తి అంకెలు ఎవరినీ అడగొద్దు, తునక ముక్క మీద ఒక్కో గడికి ఒక్కో వేగం, శక్తి ఇచ్చి మీరే పరీక్ష గళ్లు వేసుకోండి. 10 వాట్ల డయోడ్‌కు అడ్డంగా నిమిషానికి 1000 నుంచి 6000 మిల్లీమీటర్ల వేగం, నిలువుగా 10 నుంచి 100 శాతం శక్తి, గీతల మధ్య 0.1 మిల్లీమీటరు ఎడం. కొత్త షీటు కొన్నప్పుడల్లా మళ్లీ వేయాలి.

కోసేటప్పుడు గాలి పంపు గట్టిగా ఉండాలి, కోతలో లేచే చిన్న మంటను అదే ఆర్పుతుంది. ఆ కాసేపు కూడా గది వదిలి టీకి వెళ్లకండి. చేతికందే దూరంలో మంటలార్పే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఉంచుకోండి.

గృహప్రవేశాల నేమ్‌ప్లేట్లకు తెలుగు అక్షరాలు చెక్కేటప్పుడు సున్నా, వొత్తు, చిన్న చిన్న గుండ్రాలు ముందు పూడుకుపోతాయి. 10 మిల్లీమీటర్ల అక్షరం కింద వొత్తు సగమే ఉంటుంది, దాని లోపలి రంధ్రం ఇంకా చిన్నది. శక్తి ఎక్కువైతే ఆ కాస్తా బొగ్గు నిండి నల్లచుక్క అవుతుంది. పైన మాస్కింగ్ టేపు అంటించి, శక్తి తగ్గించి, గీత పలచగా ఉన్న ఫాంటు వాడండి. అవతలిదాకా తెగేలా కోసే స్టెన్సిల్‌లోనైతే సున్నా నడిమి ముక్క ఊడి కిందపడుతుంది, సన్నటి వంతెనలు వదలాలి. లేజర్ సాఫ్ట్‌వేర్‌లో నేరుగా టైపు చేస్తే వొత్తులు విడిపోయే ప్రమాదం ఉంది. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలను పాత్‌గా (గీతల ఆకారంగా) మార్చి, ఎస్వీజీ ఫైలు తెచ్చుకుంటే విడిపోవు.